ఒక మెట్టు కిందికి

డిసెంబరు వచ్చిందంటే పాటల టైలరు కొట్టులో బయటివాళ్ల గుడ్డ ఒక్కటి కూడా కత్తెర కిందికి రాదు. పెళ్లికొడుకు కోటైనా సరే, పై అధికారి ప్యాంటైనా సరే, పండగ దాటాకే. "ఈ నెల నా కత్తెర దేవుడిది" అంటాడాయన. దేవుడి సంగతేమో గానీ, ఆ నెలంతా ఆయన కుట్టేది మాత్రం సొంత ఇంటివాళ్లకే. ఏటా ఒక గుడ్డ తాను తెస్తాడు. అందులోంచే తనకు కోటు, భార్యకు గౌను, కొడుక్కి చొక్కా, కూతురికి ఇంకో గౌను. మిగిలిన ముక్కల్లోంచి మెడకు కట్టుకునే రుమాళ్లు. క్రిస్మస్ పాటలకు ఇంటిల్లిపాదీ ఒకే రంగులో బయల్దేరాలన్నది ఆయన పట్టుదల. ఒక ఏడాది ఆకుపచ్చ తాను తెచ్చాడు. తీరా ఆసుపత్రిలో పాడటానికి వెళ్తే అక్కడ మంచాల మధ్య వేలాడే తెరలదీ అదే రంగు. పాట మొదలయ్యేదాకా అక్కడ మనుషులున్నారని రోగులకు తెలియనే లేదు. ఆ నవ్వు ఇంట్లో ఇప్పటికీ ఆరలేదు. ఈసారి నేరేడుపండు రంగు తెచ్చాడు.

కూతుర్ని ఇంట్లో బూర అంటారు. పుట్టిన కొత్తలో ఏడుపు మొదలుపెడితే ఊపిరి తిప్పుకోకుండా ఒకే శ్రుతిలో ఏడ్చేదట. "నా కూతురు ఏడ్చినా శ్రుతి తప్పదు" అని నాన్న కనబడ్డవాళ్లకల్లా చెప్పుకున్నాడు. ఆ బూర ఇప్పుడు ముందుగదిలో పాత కీబోర్డు ఒకటి పెట్టుకుని పిల్లలకు సంగీతం చెబుతోంది. పిల్లలు ఎదురుగా టీచర్ అంటారు, వీధి మలుపు తిరగ్గానే బూర టీచర్ అంటారు. ఆమెకు వినబడదనుకుంటారు పాపం. వినబడనిదంటూ ఆ చెవులకు ఏమీ లేదని ఆమెకూ ఒక గర్వముండేది.

బట్టలకన్నా గట్టి పట్టుదల ఇంకొకటుంది ఆ ఇంట్లో. పాట ఎత్తుకోవడానికి ఏ వాయిద్యాన్నీ ముట్టుకోరు. అందరూ వరసగా నిలబడతారు. నాన్న కళ్లు మూసుకుంటాడు. కాసేపు ఏమీ జరగదు. కొత్తవాళ్లైతే ఈ పెద్దమనిషికి ఒంట్లో బాగాలేదేమోనని కుర్చీల్లోంచి లేవబోతారు కూడా. అప్పుడు ఆయన గొంతులోంచి సన్నగా ఒక స్వరం బయటికొస్తుంది. దాన్ని పట్టుకుని మిగతావాళ్లు అందుకుంటారు. పాట ఆయన కట్టిందే, మూడు చరణాలు. దానికి తగిన శ్రుతి ఒక్కటే ఉందని, దాన్ని ప్రతిసారీ దేవుడే తన చెవిలో చెబుతాడని ఆయన నమ్మకం. చిన్నప్పుడు బూర దొంగతనంగా పరీక్షించేది. నాన్న స్వరం ఎత్తుకోగానే పక్కగదిలోకి పరుగెత్తి కీబోర్డు మీద ఆ స్వరం మెట్టు నొక్కి చూసేది. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మిగతా పిల్లలకు దేవుడి గురించి కథలు చెప్పి నమ్మించాల్సి వచ్చిందేమో గానీ, బూరకు ఆ ఒక్క మెట్టు చాలింది.

ఈ ఏడాది చర్చికి ఎవరో కొత్త కీబోర్డు ఇచ్చారు. ఆ ఆనందంలో పాస్టరుగారు నేరుగా కొట్టుకు వచ్చారు.

"పండగ పొద్దున మీ పాటకి దాన్ని కూడా కలుపుదామండీ. చివరి చరణం జనమంతా పాడితే ఎంత బాగుంటుంది! వాయిద్యం లేకపోతే వాళ్లు అందుకోలేరు కదా."

నాన్న కత్తెర కింద పెట్టి ఆలోచించాడు. అప్పుడే కాజాలు కుట్టడానికి వచ్చిన అమ్మ, ఒప్పుకోడులే అన్నట్టు సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుంది. ఆయన ఒప్పుకున్నాడు.

"మొదటి రెండు చరణాలూ ఎప్పట్లాగే వట్టి గొంతులతో పాడతాం. మూడోదానికి మా బూర అందుకుంటుంది. నేను చెయ్యి చాపుతాను, అది వాయిస్తుంది. దాని చేతులు మీరు చూళ్లేదు, చూద్దురుగాని."

ఆ మాట చెవినపడ్డాక బూర కాళ్లు రెండ్రోజులు నేల మీద లేవు. ఎన్నేళ్లుగానో ఆ పాటకు వాయించాలని ఆమెకు ఆశ. అడిగే ధైర్యం లేక ఊరుకుంది. ఇప్పుడు అడక్కుండానే దొరికింది. చర్చిలో ముందువరసలో కూర్చోబెట్టమని తన దగ్గర నేర్చుకునే పిల్లలందరి ఇళ్లకూ వెళ్లి మరీ చెప్పొచ్చింది. సంబరమంటే అదీ! కాస్త ఆగి ఉండాల్సింది.

ఎందుకంటే ఆ వారమే తమ్ముడి భార్య తన ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. ఆ పిల్లకు ఆ ఇంట్లో ఇదే మొదటి క్రిస్మస్. పాటంటే ఇష్టమే గానీ గొంతు కలవదు. నాన్న మొహమాటం లేకుండా, "నువ్వు పెదాలు కదుపు చాలమ్మా, దేవుడు అర్థం చేసుకుంటాడు" అన్నాడు. ఆమె నొచ్చుకోకుండా నవ్వేసి, పెదాలు కదపడంతో పాటు ఫోనులో పాట రికార్డు చేసే పని కూడా పెట్టుకుంది. వృద్ధాశ్రమంలో, ఆసుపత్రిలో, బడిలో, ఎక్కడ పాడినా పట్టింది.

"ఇదుగో వదినా, వృద్ధాశ్రమంలోది. మీరు వాయించడం ప్రాక్టీసు చేసుకోడానికి పనికొస్తుంది."

బూర ఫోను పక్కన పెట్టుకుని కీబోర్డు ముందు కూర్చుంది. తన ఇంటివాళ్ల గొంతులు. ఎంత ఒద్దికగా ఉన్నాయో! మొదటి స్వరం ఏ మెట్టు మీదో ఆమెకు నిద్రలోనైనా తెలుసు. నొక్కింది. కలవలేదు. ఒక మెట్టు కింద నొక్కింది. కలిసింది. అక్కణ్ణుంచి రెండో చరణం వచ్చేసరికి అదీ కలవలేదు. ఇంకా కిందికి పోయింది పాట. ఏ మెట్టు మీదా లేదు, రెండిటి మధ్య ఎక్కడో వేలాడుతోంది. మొదట ఆమెకు ఫోను మీద అనుమానమొచ్చింది. తర్వాత తన పాత కీబోర్డు మీద వచ్చింది. నాన్న మీద అనుమానం రావడానికి చాలాసేపు పట్టింది. తన మీద రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

ఎందుకంటే ఆ పాటలో తన గొంతు కూడా ఉంది. నాన్న దిగుతుంటే తనూ దిగింది. అమ్మా దిగింది, తమ్ముడూ దిగాడు. ఒక్కరు దిగకుండా నిలబడితే అపస్వరం వినబడేది. నలుగురూ చేయి చేయి పట్టుకుని దిగారు కాబట్టి ఏ తేడా లేదు. లిఫ్టులో ఉన్నవాళ్లకు గోడలు కదిలినట్టు ఎక్కడ తెలుస్తుంది? పిల్లలకు శ్రుతి గురించి గంటలు గంటలు పాఠం చెప్పే మనిషికి సొంత గొంతు జారుతున్నట్టు తెలియలేదు. బూరకు సిగ్గేసింది. ఆ వెనకే భయమేసింది.

అమ్మ వంటింటి బల్ల దగ్గర నేరేడుపండు రంగు కోటుకు గుండీలు కుడుతోంది. బూర వెళ్లి ఎదురుగా కూర్చుని ఫోనులో విన్నది చెప్పింది. అమ్మ సూది ఆపలేదు.

"నాకు తెలుసులే."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పోయినేడాది కన్నా ముందు నుంచే. ఎప్పుడూ పాడే పై స్వరం నాకు సునాయాసంగా అందుతుంటే ఏమిటా అనుకున్నా. ఈ వయసులో గొంతు పైకెళ్తుందిటే? ఆయనే కిందికొస్తున్నాడు."

"మరి చెప్పలేదేం అమ్మా?"

అమ్మ దారాన్ని పళ్లతో తెంపి కూతురి మొహంలోకి చూసింది. "ఏమని చెప్పను? దేవుడు నీకు తప్పు చెబుతున్నాడయ్యా అని చెప్పనా?"

బూర ఫోను బల్ల మీద బోర్లించింది.

తమ్ముడు ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. ప్రపంచంలో ఏదైనా బాగుచెయ్యొచ్చనీ, చెయ్యలేనిదాని మీద ఒక జోకు వేసుకోవచ్చనీ వాడి సిద్ధాంతం. చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు. "నిండా మునిగినవాళ్లకి చలేంటక్కా? అందరం కలిసే దిగుతున్నాం కదా, ఎవడు కనిపెడతాడు?"

"కీబోర్డు కనిపెడుతుందిరా. అది దిగదు."

అప్పుడు వాడి మొహంలో నవ్వు తగ్గింది. "చెప్పేస్తే?"

"చెప్పు."

"నేనా? పిల్లి మెడలో గంట కట్టడానికి నేనే దొరికానా? నువ్వు చెప్పు. నీ మాటంటే ఆయనకి వేదం."

అదే వచ్చిన చిక్కు. ఇంకెవరు చెప్పినా నాన్న నవ్వేసి కొట్టిపారేస్తాడు. బూర చెబితే నమ్ముతాడు.

మర్నాడు పనిమాలా చెప్పేద్దామనే కొట్టుకు వెళ్లింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. 'నాన్నా, వయసు మీద పడ్డాక చెవి మారుతుందట, అందరికీ అవుతుందట.' బాగానే ఉంది. ఇందులో దేవుడి ప్రస్తావనే లేదు. నాన్న ఆమెను చూడగానే బల్ల మీద గుడ్డలన్నీ పక్కకు తోసేశాడు.

"సరిగ్గా సమయానికొచ్చావు. కూర్చో. ఈ బల్లే కీబోర్డు అనుకో. వాయించు."

"ఎందుకు నాన్నా?"

"వాయించవే చెబుతాను."

బూర చెక్కబల్ల మీద వేళ్లు ఆడించింది. నాన్న మెడలో టేపుతో చుట్టూ తిరుగుతూ ఆమె మోచేతుల్ని చూశాడు. కుడిచెయ్యి బాగా పక్కకు సాచమన్నాడు, ఎడమచెయ్యి దాని మీదుగా దాటించమన్నాడు. చంక దగ్గర, మోచేతి దగ్గర సుద్దముక్కతో చిన్న చిన్న గీతలు గీశాడు.

"మామూలు చెయ్యి కుడితే నువ్వు సాచినప్పుడల్లా గౌను భుజం పట్టి లాగుతుంది. అందుకని చంక కింద పలకలా ఒక ముక్క వేస్తున్నా. మణికట్టు దగ్గర కురచ చేస్తా. వాయించేటప్పుడు నీకు చెయ్యి ఉందన్న సంగతే గుర్తుండకూడదు. కుట్టేవాడు తప్పు చేస్తే పాడేవాడు పాట మర్చిపోతాడే. నాకు తెలుసు ఆ బాధ."

"నీకేం తెలుసు?"

"చొక్కా!" నాన్న నవ్వాడు. "నేను చర్చికి మొదట ఎందుకెళ్లాననుకున్నావు? దేవుడి కోసమా? నా మొహం. పాడిన పిల్లలకి పండక్కి కొత్త చొక్కా ఇస్తారని ఎవడో చెబితే వెళ్లా. ఇచ్చారు. చేతులు ఇక్కడిదాకా వేలాడుతున్నాయి. ఎవడ్రా దీన్ని కుట్టింది అని తిట్టుకుంటూ వెనక వరసలో నిలబడ్డా. ఆ పొద్దున హార్మోనియం మొరాయించింది. మాస్టారు అందర్నీ చూసి, ఎవరైనా స్వరం ఎత్తుకోండిరా అన్నారు. ఒక్కడూ నోరు మెదపడే! నన్నే చూస్తున్నారేమోనని భయమేసి కళ్లు మూసుకున్నా. అంతే. వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. నా నోరు నాకు తెలీకుండానే తెరుచుకుంది."

బూర ఈ కథ చాలాసార్లు విన్నది. ఆ తర్వాత ఆయన అన్న మాట మాత్రం ఎప్పుడూ వినలేదు.

"హార్మోనియం బాగయ్యాక మాస్టారు నన్ను పిలిచి మళ్లీ పాడమని, నొక్కి చూశారు. అదే స్వరం. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. అప్పటిదాకా నాకు దేవుడున్నాడో లేడో తెలీదు గానీ, నాకెవరూ లేరని మాత్రం బాగా తెలుసు. ఆ రోజు తెలిసింది, నాతో మాట్లాడేవాళ్లు ఒకళ్లున్నారని. కొట్టు పెట్టినా, మీ అమ్మని చేసుకున్నా, మిమ్మల్ని పెంచినా ఆ ఒక్క ధైర్యంతోనే. అది లేకపోతే ఏముందే నా దగ్గర? కత్తెరా, సుద్దముక్కా." సుద్ద పట్టుకున్న చెయ్యి దులుపుకుని ఆమె వైపు చూశాడు. "ఇంతకీ ఎందుకొచ్చావు? ఏదో చెప్పాలన్నట్టున్నావు."

చెప్పడానికేముంది! నోరు తెరిస్తే రెండు మాటలు. ఆ నోరు తెరవడమే మనిషి వల్ల కాదు ఒక్కోసారి. బూరకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీద గుడ్డ చూస్తూ అంది.

"మోచేతి దగ్గర ఇంకాస్త వదులు పెట్టు నాన్నా."

"పెడతా, పెడతా. నువ్వు అడగాలా!"

ఇక మిగిలింది మోసం. దాన్ని మోసమని వాళ్లు అనుకోలేదనుకోండి. తమ్ముడే ఉపాయం చెప్పాడు. కీబోర్డులో ఒక మీట ఉంటుంది, అది నొక్కితే మొత్తం మెట్లన్నీ ఒక మెట్టు కిందికి పలుకుతాయి. నాన్న ఎత్తుకునే చోటు ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటోంది కాబట్టి కీబోర్డునే దించేస్తే సరి. ఇంటి కీబోర్డు మీద మొదట మీట నొక్కకుండా ఆమె వాయించి చూపినప్పుడు నాన్న మొహం చిట్లించాడు.

"ఇది కాస్త పైకి పోయిందే. పాతదైపోయింది పాపం."

తమ్ముడికి దగ్గొచ్చింది. బూర వంగి మీట నొక్కి మళ్లీ వాయించింది. నాన్న తల ఊపాడు. "ఆఁ, ఇప్పుడు దారిలోకొచ్చింది."

మూడో చరణం దాకా జారకుండా ఆయన్ను నిలబెట్టడం ఇంకో తంటా. అమ్మ ఆయన పక్కనే నిలబడి గొంతు పెంచి ఆపే ప్రయత్నం చేసింది. ఆ సాయంత్రం పాట జారలేదు. మర్నాడూ జారలేదు. మూడో చరణంలో బూర చేతులు వెయ్యగానే పాటా వాయిద్యమూ ఒకటైపోయాయి. నాన్న కళ్లు మెరిశాయి. బూర ఆ క్షణాన దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది, ఆయన చెప్పే స్వరం తప్పని తెలిసి కూడా. మనిషి బుద్ధి అంతే మరి.

పండగ పొద్దున చలి గట్టిగా ఉంది. నేరేడుపండు రంగులో కుటుంబమంతా చర్చి మెట్లెక్కుతుంటే తలుపు దగ్గర ఎవరో, "ఈ ఏడాది కనబడుతున్నారండోయ్" అన్నారు. నాన్న గట్టిగా నవ్వాడు. నవ్వులో గొంతు బొంగురుగా వచ్చింది. నెలంతా ఊరంతా తిరిగి పాడిన గొంతు, పైగా ఈ చలి. బూర అందరికన్నా ముందు వెళ్లి కొత్త కీబోర్డు ముందు కూర్చుంది. మీట నొక్కింది. చిన్న ఎర్రదీపం వెలిగింది. ముందువరసలో ఆమె పిల్లలు తలలు దువ్వుకుని కూర్చుని చేతులూపారు.

ఈసారి తను పాడకూడదనుకుంది. పాడితే తనూ దిగిపోతుంది, ఎక్కడున్నారో తెలియదు. పెదాలు బిగించుకుని చెవులు తెరిచి కూర్చుంది.

నాన్న కళ్లు మూసుకున్నాడు. స్వరం వచ్చింది. ఒక మెట్టు కింద, అనుకున్న చోటే. హమ్మయ్య అనుకుంది. అమ్మ కలిసింది, తమ్ముడు కలిశాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె ఆ పాట లోపలే ఉంది. బయట కూర్చుని ఎదురుగా వినడం ఇదే మొదటిసారి. ఎంత బాగా పాడతారు వీళ్లు! ఒకరి ఊపిరి అయ్యేలోపు ఇంకొకరు అందుకుంటారు. ఒకరు తగ్గితే ఇంకొకరు మోస్తారు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. బూరకూ ఏడుపొచ్చింది, కానీ ఆమె ఏడుపు వేరు. మొదటి చరణం సగంలోనే పాట కదిలింది. అమ్మ ఆపబోయింది. కాసేపు ఆ ఇద్దరి మధ్యా సన్నటి గీరుడు వినిపించింది. నాన్న చటుక్కున అమ్మ వైపు చూశాడు, ఏమైంది నీకు అన్నట్టు. అమ్మ తల దించుకుని దిగిపోయింది. తమ్ముడూ దిగాడు. మళ్లీ పాట అందంగా అతుక్కుంది.

రెండో చరణం అయ్యేసరికి వాళ్లు రెండు మెట్ల మధ్య ఉన్నారు. ఇంకోసారి మీట నొక్కితే కీబోర్డు మరీ కిందికి పోతుంది. నొక్కకపోతే పైన ఉండిపోతుంది. పైనా కాదు, కిందా కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాన్న కోటు చెయ్యి చాపాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు! ఇదిగో నా కూతురు, చూడండి అని ఊరికంతటికీ చెబుతున్నాడు. బూర చేతులెత్తింది. చంక కింద వేసిన పలక హాయిగా విచ్చుకుంది. భుజం ఎక్కడా లాగలేదు. చేతులున్నాయన్న సంగతే గుర్తుండనంత బాగా కుట్టాడు. వేళ్లు మెట్ల మీద ఆగాయి. నొక్కితే ఆ పాట మొత్తం, నెలంతా పాడింది, ఆయన బతుకంతా నమ్మింది, ఊరందరి ముందూ తప్పని తేలిపోతుంది. నొక్కకపోతే తప్పు తనది.

చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

నాన్న చాపిన చెయ్యి అలాగే ఉంది. ఇంకాసేపు ఉంచాడు. జనం పాట రాసిన కాగితాలు పట్టుకుని, నోళ్లు తెరుచుకుని ఎదురుచూశారు. ఎవరో దగ్గారు. ముందువరసలో ఒక పిల్ల చెవిలో చెబుతున్నాననుకుంటూ అందరికీ వినబడేలా, "టీచర్ మర్చిపోయింది" అంది. అప్పుడు నాన్న చెయ్యి దించి, మూడో చరణం తనే ఎత్తుకున్నాడు. వట్టి గొంతులతోనే పాట అయిపోయింది.

ఆరాధన ముగిశాక పాస్టరుగారు వచ్చి, "పర్వాలేదమ్మా, పండగరోజు ఎవరికైనా చేతులు వణుకుతాయి" అన్నారు. ఆయన మంచితనం కూడా చెంపదెబ్బలాగే తగిలింది. తమ్ముడు ఆదుకోబోయాడు. "అక్కది కాదండీ తప్పు. కీబోర్డే ఏదో మొరాయించినట్టుంది."

"అవునా? చూద్దాం ఉండు" అని నాన్న వచ్చాడు. బూర లేచి అడ్డం వెళ్లేలోపే వంగి, తన పాట మెట్టు వెతుక్కుని నొక్కాడు. కొత్త కీబోర్డు గట్టిగా పలికింది. నాన్న కళ్లు మూసుకుని దాంతో పాటే సన్నగా స్వరం తీశాడు. రెండూ కలిసిపోయాయి. ఆయన కళ్లు తెరిచేసరికి నిండా నీళ్లు.

"పాస్టరుగారూ, ఇలా రండి! చూడండి. ఎవరూ చెప్పకుండా, ఏదీ వినకుండా ఇందాక నేనెత్తుకున్న స్వరం, ఈ కొత్త కీబోర్డు స్వరం. ఒకటే! ఇన్నేళ్లయినా వెంట్రుకవాసి తేడా లేదు!"

ఆయన మోచేతి పక్కనే ఎర్రదీపం వెలుగుతోంది. పాస్టరుగారు దాన్ని చూడలేదు, చూసినా ఆయనకేం తెలుస్తుంది? ఆయన మనసు కరిగిపోయింది. ఇంకా చెప్పులు వేసుకుంటున్న జనాన్ని ఆపి ఈ సంగతి చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఇకనుంచి ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఇలాగే స్వరం సరిచూసుకుందామని, పిల్లలకు విశ్వాసం కలుగుతుందని నాన్న అన్నాడు. తప్పకుండా అన్నారు పాస్టరుగారు. అంటే ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి ఆ మీట నొక్కాల్సింది బూరే. అమ్మ ఆమె వైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది.

జనం వెళ్లాక నాన్న ఆమెను పక్కకు తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు.

"కీబోర్డు బాగానే ఉందే. మరి చెయ్యి పట్టేసిందా? లాగిందా భుజం? ఏదీ, సాచు." ఆమె చెయ్యెత్తి కుట్టు పొడుగునా వేళ్లతో తడిమి చూశాడు. "నా కొలతే తప్పిందా ఏమిటి? నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

అవునని ఉంటే ఆయన ఒప్పుకునేవాడు. రాత్రికి రాత్రి కుట్లు విప్పి మళ్లీ కుట్టేవాడు. కానీ కుట్టిన చెయ్యిలో వేలెత్తి చూపడానికి లేదు. ఆయన చేతికి ఈ ఒక్కటైనా నిజంగా దక్కాలి కదా అనిపించింది బూరకు.

"లేదు నాన్నా. కొలత సరిగ్గానే ఉంది."

"మరేమిటే?"

"భయమేసింది."

నాన్న ఆమె తల నిమిరాడు. ఎప్పుడో తన మాస్టారు పెట్టినట్టే పెట్టాడు చెయ్యి.

మధ్యాహ్నం ఇంట్లో బల్ల చుట్టూ కూర్చున్నారు. నేరేడుపండు రంగు కోటు మీద మరక పడుతుందని అమ్మ ఎంత చెప్పినా నాన్న విప్పలేదు. భోజనానికి ముందు ప్రార్థన ఆయనదే. బూర రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. సూది పొడిచి పొడిచి గట్టిపడ్డ వేళ్లు అవి.

"ప్రభువా, నా బిడ్డ చేతుల్లో భయం తీసెయ్యి. నా చెవిలో చెప్పినట్టే దీని చెవిలో కూడా చెప్పు."

"ఆమెన్" అన్నారందరూ. బూర కూడా అంది.

ఆ వెంటనే పాట. పండగ భోజనానికి ముందు పాడకపోతే ఆ ఇంట్లో గరిట కదలదు. నాన్న కళ్లు మూసుకున్నాడు. అందరూ ఆగారు. స్వరం వచ్చింది, పొద్దుటికన్నా ఇంకా కింద. అమ్మ కలిసింది. తమ్ముడు పళ్లెంలోకి చూస్తూ కలిశాడు. మరదలు పెదాలు కదుపుతూ, కళ్లు మాత్రం వదిన మీదే పెట్టుకుంది. బూర చేతులింకా నాన్న చేతుల్లోనే ఉన్నాయి. ఆమె కూడా నోరు తెరిచి అందుకుంది. మొదటి చరణం సగంలో పాట కదిలింది. ఆమె ఆపలేదు. రెండో చరణంలో ఇంకా కదిలింది. ఎక్కడికి దిగుతున్నారో, ఎంత దిగారో ఆమెకు మెట్టు మెట్టూ తెలుస్తూనే ఉంది. ఆయనతో పాటే దిగుతూ మూడో చరణం దాకా పాడింది.